మీ ప్రశ్నలు, మా జవాబులు: అవిలాపురి తెరేజమ్మ

అక్టోబరు 15 పునీత అవిలాపురి తెరేజమ్మ పండుగ. ఈ సందర్భంగా ఆమె గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఎక్కువ ఉత్తరాలు ప్రార్థన గురించీ దర్శనాల గురించీ వచ్చాయి కాబట్టి ఆ రెండింటికీ చోటు ఎక్కువ పట్టింది.

ప్ర: మా విచారణ గుడిలో తెరేజమ్మ అని చెప్పే పటాలు మూడున్నాయి. ముగ్గురూ ఒకరేనా? ఎలా గుర్తుపట్టాలి?
(పాఠకురాలు, ఫిరంగిపురం)

ముగ్గురూ వేరమ్మా. చేతిలో ఈకకలం, పుస్తకం, పక్కన పావురం ఉంటే ఆమె అవిలాపురి తెరేజమ్మ. 1515లో స్పెయిన్ దేశంలో పుట్టి 1582లో చనిపోయారు. ఒడినిండా గులాబీలు, మధ్యలో సిలువ పట్టుకున్న చిన్న వయసు కన్య లిసియూ తెరేజమ్మ, మనవాళ్ళు చిన్న తెరేజమ్మ అంటారు. ఫ్రాన్సు దేశస్థురాలు, 1873 నుంచి 1897 దాకా 24 ఏళ్ళే బతికారు, పండుగ అక్టోబరు 1. ఈ ఇద్దరూ కర్మెలు అనే మఠవాసుల సభవారే కాబట్టి ఇద్దరికీ గోధుమరంగు అంగీ, తెల్లటి పైవస్త్రం ఉంటాయి. తికమక అక్కడే మొదలవుతుంది. చేతిలో ఏముందో చూడండి, అంగీ చూడకండి. నీలి అంచు తెల్లచీరతో ఉన్నవారు కలకత్తా మదర్ తెరెసా. ఆమె పేరు పెట్టుకున్నది చిన్న తెరేజమ్మను తలచుకునే గాని అవిలాపురి తెరేజమ్మను కాదు.

ప్ర: ఆమె అక్టోబరు 4 రాత్రి చనిపోయి 15న సమాధి అయ్యారని ఒక పుస్తకంలో చదివాను. పదకొండు రోజులు దేహాన్ని అలాగే ఉంచారా?
(పాఠకుడు, నెల్లూరు)

లేదండీ, మర్నాడే సమాధి చేశారు. ఆ ఏడు అక్టోబరు 4 తర్వాత రోజే 15.

పాత జూలియన్ పంచాంగం ఏడాదికి 365 రోజుల 6 గంటలు లెక్క వేసేది. అసలు సంవత్సరం అంతకంటే సుమారు 11 నిమిషాలు తక్కువ. ఆ నిమిషాలు శతాబ్దాల తరబడి పోగుపడి, పగలూ రాత్రీ సమానమయ్యే వసంత విషువత్తు మార్చి 21న రావలసింది 11వ తేదీకి జారిపోయింది. పాస్కు (ఈస్టర్) పండుగ లెక్క దాన్ని బట్టే కడతారు. అందుకని 13వ గ్రెగరీ జగద్గురువులు (పోపు) 1582లో పది రోజులు తీసేయించారు. స్పెయిన్, పోర్చుగల్ లాంటి దేశాలు ఆజ్ఞ ప్రకారం అక్టోబరు 4 గురువారం పడుకుని, 15 శుక్రవారం నిద్రలేచాయి. తెరేజమ్మ అల్బా దె తోర్మెస్ అనే ఊళ్ళోని తన మఠంలో కన్నుమూసింది సరిగ్గా ఆ గురువారం రాత్రి, సుమారు 9 గంటలకు. అక్టోబరు 4 అస్సీసి ఫ్రాన్సిస్‌గారి పండుగ కూడా కాబట్టి ఆమె పండుగ 15న నిలిచింది.

ప్ర: జపమాల చెబుతుంటే మనసు వంటింటి మీదికీ పిల్లల ఫీజుల మీదికీ పోతుంది. ధ్యానం మన వల్ల కాదేమో అనిపిస్తోంది. తెరేజమ్మగారు దీనికేమైనా చెప్పారా?
(గృహిణి, ఖమ్మం)

చాలా చెప్పారు. ఆమెకూ ఇదే బాధ ఏళ్ళ తరబడి ఉండేది. ప్రార్థనలో కూర్చున్న గంట ఎప్పుడైపోతుందా, గడియారం ఎప్పుడు మోగుతుందా అని చెవులు రిక్కించి వినేదాన్నని స్వీయచరిత్రలో రాసుకున్నారు. పద్దెనిమిదేళ్ళపాటు, దివ్యసత్ప్రసాదం తీసుకున్న వెంటనే తప్ప, చేతిలో పుస్తకం లేకుండా ప్రార్థనకు కూర్చునే ధైర్యం చేయలేదు. చదవకపోయినా సరే, పుస్తకం తెరిచి పెట్టుకుంటే చాలు, చెదిరిన తలపులు మళ్ళీ గూటికి చేరేవట. మొదటి చిట్కా అక్కడే ఉంది. సువార్త పుస్తకమో, మీ మనసుకు దగ్గరైన క్రీస్తు ప్రభువు పటమో ఎదురుగా పెట్టుకోండి.

తన మఠకన్యలకు రాసిచ్చిన ప్రార్థన పాఠాల్లో ఆమె చెప్పిన వరుస చాలా సూటిగా ఉంటుంది. సిలువ గుర్తు వేసుకుని, తప్పులు ఒప్పుకుని, వెంటనే ‘తోడు’ వెతుక్కోమన్నారు. ఒంటరిగా కూర్చున్నామనుకోవద్దు, పరలోక జపం నేర్పిన ప్రభువే పక్కన ఉన్నాడనుకుని ఆయన వైపు చూడు అంటారు. పెద్ద పెద్ద ఆలోచనలు చేయమనలేదు, చూడమన్నారు. ఆ పూట మనసు సంతోషంగా ఉంటే పునరుత్థానమైన ప్రభువును చూడాలి. బరువుగా ఉంటే గెత్సేమని తోటలో చెమటోడ్చిన ప్రభువునో, స్తంభానికి కట్టిన ప్రభువునో చూడాలి. అంటే మన మనసు ఉన్న చోటు నుంచే మొదలు. బలవంతాన భక్తి రసం తెచ్చిపెట్టుకోనక్కరలేదు.

ఆ తర్వాత పరలోక జపం. ఒక్కసారే చాలు, నిదానంగా, ఎవరితో మాట్లాడుతున్నామో ఎరిగి చెప్పాలి. నోటిజపం తప్ప మరేదీ చేతకాని ఒక పెద్ద వయసు మఠకన్య ఆమెకు తెలుసు. ధ్యానం రాదని ఏడుస్తూ వచ్చి చెప్పుకుంది. నువ్వు ఏమేం చెప్పుకుంటావని తెరేజమ్మ అడిగి తెలుసుకుంటే, ఆమె పరలోక జపంతోనే దైవసన్నిధిలో చాలా లోతుకు పోయి ఉందని తేలింది. ఈ సంగతి రాస్తూ తెరేజమ్మ ఆమె మీద కాస్త అసూయ కలిగిందని కూడా ఒప్పుకున్నారు. జపమాల చిన్నచూపు చూడదగిందనుకోకండి.

మరి అటూ ఇటూ తిరిగే తలపుల మాటేమిటి? దీనికి ఆమె చెప్పిన పోలిక మర. మర తిరిగేటప్పుడు చప్పుడు ఆగదు. చప్పుడు ఆపుదామని మర వదిలి పరుగెత్తితే పిండి పడదు. దాన్ని చప్పుడు చేసుకోనిచ్చి మన పిండి మనం విసురుకోవాలి అంటారు. ఈ మాటలు రాస్తున్నప్పుడు ఆమె తలలో నదులు హోరెత్తినట్టు మోత. ఆ మోతలోనే కూర్చుని రాశారు, ప్రార్థన కూడా దాన్ని లెక్కచేయకుండానే సాగిందని చెప్పారు.

అలవాటు పడడానికి ఎంతకాలం పడుతుంది? ఈ ఏకాగ్రత ఏడాదిలో, దేవుడు తోడుంటే ఆరు నెలల్లోనే పట్టుబడుతుందని ఆమె అంచనా. వారం రోజుల్లో కుదరలేదని వదిలేయకండి. ఒంట్లో బాగోలేనప్పుడు, వాతావరణం బరువుగా ఉన్నప్పుడు, మనసును పట్టి పీడించవద్దనీ చెప్పారు. ఆ పూట ఎవరికైనా సాయం చేయండి, లేదా అలా పొలాల వైపు నడిచి రండి, అదీ ప్రార్థనే అన్నారు. వంటింటి మాట మీరు ఎత్తారు కనుక ఆమె వాక్యమే ఒకటి: విధేయత మిమ్మల్ని వంటింట్లో పెడితే, ప్రభువు కుండల మధ్యా గిన్నెల మధ్యా కూడా తిరుగుతుంటాడని తెలుసుకోండి.

ప్ర: తెరేజమ్మ ప్రార్థనను తోటకు నీళ్ళు పెట్టడంతో పోల్చారని ప్రసంగంలో విన్నాను. నేను రైతును. అది వివరంగా చెబుతారా?
(పాఠకుడు, తెనాలి దగ్గర)

మీకు చెప్పడం సులువు. ఈ పోలిక ఆమె స్వీయచరిత్రలో 11వ అధ్యాయంలో మొదలై చాలా దూరం నడుస్తుంది. మనసు ఒక తోట. కలుపు తీసి మంచి మొక్కలు నాటేది దేవుడు. నీళ్ళు పెట్టడం మన పని. నీళ్ళు నాలుగు రకాలుగా పెట్టవచ్చు: బావిలోంచి చేదతో తోడిపోయడం, కుండలు కట్టిన చక్రం తిప్పి తోడడం, కాలువ పారించడం, వాన.

చేదతో తోడడం కొత్తవాళ్ళ పద్ధతి. ఇంద్రియాలను అదుపు చేసుకోవడం, ప్రభువు జీవితాన్ని తలచుకోవడం, ఇవన్నీ చేతులు నొప్పి పుట్టే పనులు. ఒక్కోసారి చేద వేస్తే బావిలో చుక్క ఉండదు. తెరేజమ్మ ఎక్కువ జాగ్రత్తలు చెప్పింది ఈ దశకే. బావి ఎండితే తోట యజమానికి తెలుసు, నీ వంతు చేద నువ్వు వేస్తూ ఉండు, నీళ్ళు లేకపోయినా పూలను ఆయన బతికిస్తాడు అంటారు. ఇక్కడ తప్పు జరిగేది రెండు విధాలుగా. కొందరు రుచి తగ్గగానే చేద పక్కన పారేస్తారు. ఇంకొందరు వాన కోసం ఆకాశం చూస్తూ కూర్చుని, తోడడం మానేస్తారు.

రెండోది చక్రం. మన ఏతానికీ మోటకూ చుట్టం లాంటిది, గొడ్లు లేకుండా చేత్తో కూడా తిప్పేవారు. తాను కొన్నిసార్లు అలా నీళ్ళు తోడానని ఆమే రాశారు. శ్రమ తక్కువ, నీళ్ళు ఎక్కువ. లోపల ఒక నెమ్మది కుదురుతుంది, కోరిక దేవుడి మీద నిలుస్తుంది గాని జ్ఞాపకమూ ఆలోచనా మాత్రం గూడు వదిలి మేత వెతుక్కునే పావురాల్లా ఎగిరి వస్తుంటాయి. వాటి వెంట పడవద్దు. ఈ నెమ్మదిని ఆమె నిప్పురవ్వ అంటారు. దాని మీద పెద్ద పెద్ద దుంగలు, అంటే పాండిత్యంతో నిండిన మాటలు, గుమ్మరిస్తే ఆరిపోతుంది. చిన్న పుల్లలు చాలు. ప్రసంగాలు బాగా చెప్పగలవాళ్ళే ఈ తప్పు ఎక్కువ చేస్తారని ఆమెకు తెలుసు.

మూడోది కాలువ. నేల లోపలి దాకా తడుస్తుంది, తోటమాలి గట్లు చూసుకుంటే చాలు. ఈ దశలో మనిషి చేతులతో పని చేస్తూనే లోపల దేవుడితో ఉండగలడు, సువార్తలో పనిచేసిన మార్తా, ప్రభువు పాదాల దగ్గర కూర్చున్న మరియా ఇద్దరూ ఒకరిలోనే ఉన్నట్టు. నాలుగోది వాన. అది పూర్తిగా పైవాడి చేతిలోది. తోటమాలి పరాకుగా ఉన్నప్పుడే తరచూ కురుస్తుందట. అయినా ఈ లోకంలో ఉన్నన్నాళ్ళూ వాన ఆగినప్పుడు పనికొచ్చేలా మిగతా నీళ్ళ ఏర్పాటు మానకూడదని హెచ్చరిస్తారు. కాలువ కింద భూమి ఉన్నా బావి పూడ్చుకోని రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ప్ర: మా అమ్మాయికి 19 ఏళ్ళు. మరియమాత తనతో మాట్లాడుతోందని అంటోంది. సరిగా తినదు, రాత్రిళ్ళు నిద్రపోకుండా మోకాళ్ళ మీద ఉంటుంది. కొందరు పునీతురాలవుతుందంటున్నారు, కొందరు దయ్యమంటున్నారు. ఏం చేయాలి?
(ఒక తల్లి, పేరు వద్దన్నారు)

అమ్మా, ముందుగా అన్నం, నిద్ర, వైద్యుడు. ఇది మేం ఇప్పటి కాలానికి తగ్గట్టు చెబుతున్న మాట కాదు, తెరేజమ్మ చెప్పిన వరుసే ఇది.

ఆమె ఎరిగిన ఒకామె ఎనిమిది గంటలపాటు మైమరచినట్టు ఉండిపోయేది. స్పృహ తప్పేది కాదు, దేవుడి గురించి ఏదీ అనుభవించేదీ కాదు. చుట్టుపక్కలవాళ్ళు, గురువులు కూడా, మహా పరవశమనుకున్నారు. సంగతి తెలిసిన మనిషి ఒకరు గుర్తుపట్టి నిద్రా తిండీ పెంచి, తపస్సు తగ్గించగానే అది పోయింది. బలహీనమైన శరీరం మీద ఉపవాసాలూ జాగారాలూ మోపితే లోపల కలిగే చిన్న ఆనందానికే ఒళ్ళు తూలిపోతుంది, దాన్ని పరవశమని పొరబడతారు, అది తెలివితక్కువతనం తప్ప మరేం కాదని తెరేజమ్మ ఖండితంగా రాశారు. అలాంటివారికి ప్రార్థన గంటలు తగ్గించి ఇంటి పనులు అప్పగించమని మఠాధ్యక్షురాళ్ళకు చెప్పారు. మనోవ్యాధి గురించి తన మఠస్థాపనల పుస్తకంలో ఒక అధ్యాయమే కేటాయించారు. దాన్ని జబ్బుగానే చూడాలి, మందు ఇవ్వాలి, ఉపవాసాలు మిగతావారికంటే తగ్గించాలి అన్నారు. అందులో నింద లేదు. కుర్రతనంలో తానే నెలల తరబడి మంచాన పడి, నాలుగు రోజులు చలనం లేకుండా ఉంటే సమాధి కూడా తవ్వించారు. ఆ తర్వాత దాదాపు మూడేళ్ళు కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేవు. పైగా ఒక నాటువైద్యురాలు నెల రోజులు ఇంచుమించు రోజూ ఇచ్చిన విరేచనమందు వల్లే పరిస్థితి విషమించింది. కాబట్టి మీరు కూడా అర్హత ఉన్న వైద్యుడి దగ్గరికే, అవసరమైతే మానసిక వైద్య నిపుణుల దగ్గరికే తీసుకెళ్ళండి. ఊళ్ళో మంత్రం వేసేవారి దగ్గరికి వద్దు.

ఇక, నిజంగా దేవుడి మాటే అయితే? దానికి ఆమె మూడు గుర్తులు చెప్పారు. ఒకటి, ఆ మాటకు అధికారం ఉంటుంది, పలికింది చేసి చూపుతుంది. ‘దిగులు పడకు’ అంటే దిగులు నిజంగా పోతుంది. రెండు, తర్వాత మనసులో ప్రశాంతి నిలుస్తుంది, కంగారు కాదు. మూడు, ఆ మాట చాలాకాలం చెరగకుండా గుర్తుంటుంది. నిజమైన పరవశం నిడివి చాలా తక్కువ అని కూడా చెప్పారు. అన్ని శక్తులూ ఒకేసారి నిలిచిపోవడం అరగంట సాగితే అదే చాలా ఎక్కువ, తనకు అంతసేపు ఎప్పుడూ ఉన్నట్టు లేదన్నారు. రాత్రంతా అంటే ఆమె నమ్మేవారు కాదు.

ఈ గుర్తులన్నీ కుదిరినా, విన్న మాటను బట్టి సొంతంగా ఏ పనీ చేయకూడదు. చదువుకున్న, వివేకమున్న గురువుకు చెప్పాలి. భక్తి ఒక్కటే ఉండి చదువు సగం ఉన్న గురువుల వల్ల తనకు చాలా నష్టం జరిగిందని తెరేజమ్మ బాధపడ్డారు. ఒక గురువు, దర్శనం వచ్చినప్పుడల్లా వెక్కిరింపు సైగ చూపమని ఆజ్ఞాపించారు. ఎంత కష్టంగా ఉన్నా ఆమె చేశారు. విధేయత చూపడమే మంచిదని ప్రభువు తనతో అన్నాడని రాశారు. మీ అమ్మాయి కూడా గురువో వైద్యుడో ‘ఈ నెల జాగారాలు వద్దు’ అంటే వింటుందా, మండిపడుతుందా అన్నది గమనించండి. అది ఎన్నో దర్శనాలకంటే ఎక్కువ చెబుతుంది.

ఇంకో కొలమానం ఉంది. జబ్బుపడిన తోటి కన్య కనిపిస్తే నీ భక్తి రసం పోతుందేమోనని చూడకు, వెళ్ళి ఆమెకు ఉపశమనం కలిగించు, అవసరమైతే ఆమె తినడానికి నువ్వు పస్తుండు అన్నారు. ప్రభువు కోరేది పనులు. అమ్మాయి ఇంట్లోవాళ్ళ పట్ల మెత్తబడుతోందా, కరకుగా మారుతోందా? ఆమెను దేవతను చేయకండి, దయ్యమనీ అనకండి. ఇరుగుపొరుగును చూడటానికి రానివ్వకండి.

ప్ర: ‘పాదరక్షలు లేని కర్మెలు మఠం’ అంటారు కదా. లోపల రోజు ఎలా గడిచేది? ఖర్చులు ఎలా వెళ్ళేవి?
(డిగ్రీ విద్యార్థిని, కర్నూలు)

పూర్తిగా ఒట్టికాళ్ళు కాదు. తాళ్ళతో అల్లిన చెప్పులు వేసుకునేవారు. నాజూకైన తోలు చెప్పులు వదిలేశారు కాబట్టి ఆ పేరు.

ఆమె 1535లో చేరిన అవిలాపురిలోని అవతార మఠంలో దాదాపు 180 మంది ఉండేవారు. డబ్బున్న ఇంటి ఆడపడుచులకు లోపల సొంత గదులూ పనిమనుషులూ, బీదవారికి సామూహిక పడకలు. అంతమందికి తిండి చాలక కన్యలు నెలల తరబడి బంధువుల ఇళ్ళకు వెళ్ళవలసివచ్చేది. తెరేజమ్మ అది చూసే 1562 ఆగస్టు 24న అవిలాపురిలోనే పునీత జోజప్పగారి పేర చిన్న మఠం పెట్టారు. నలుగురు కన్యలతో మొదలు. పదమూడుగురికి మించవద్దన్నారు, తర్వాతి కాలంలో 21 దాకా ఒప్పుకున్నారు. కొంటున్న సంగతి బయటపడకుండా ఆ ఇల్లు చెల్లెలు, మరిది ఉండడానికి అన్నట్టు తీసుకున్నారు. దక్షిణ అమెరికాలో ఉన్న తమ్ముడు లొరెంజో పంపిన డబ్బు సమయానికి అందింది. మఠం మొదలైన వెంటనే పురపాలకులు వ్యాజ్యం వేశారు. ఆదాయం లేని మఠం ఊరి మీద భారమవుతుందని వాళ్ళ భయం.

ఆమె రాసిన నియమావళి ప్రకారం వేసవిలో 5 గంటలకు లేచి 6 దాకా, చలికాలంలో 6కి లేచి 7 దాకా మౌన ప్రార్థన. సాయంత్రం ఇంకో గంట. రాత్రి 9 దాటాక మరో సామూహిక ప్రార్థన, పడక గడ్డి పరుపు మీద. మాంసం లేదు, జబ్బు చేస్తే తప్ప. సెప్టెంబరు 14 సిలువ పండుగ నుంచి పాస్కు దాకా ఆదివారాలు మినహా ఉపవాసం. భోజనానికి సమయం రాయడం మొదలుపెడుతూ ‘ప్రభువు ఇచ్చినదాన్ని బట్టి గనుక దీనికి నియమం కుదరదు’ అని, ఉన్నప్పుడు వేసవిలో 10కి, చలికాలంలో 11, 11:30కి గంట కొట్టమన్నారు. ఇది మాకు చాలా ఇష్టమైన వాక్యం.

సంపాదన చేతిపని మీద. నూలు వడకడం లాంటివి చేయాలి, బంగారు వెండి జరీపని వద్దు. బుద్ధంతా పనికే పోతే ప్రభువు మీద నిలవదని కారణం చెప్పారు. పనికి కూలి ఇంత కావాలని బేరమాడకూడదు, ఇచ్చింది తీసుకోవాలి, గిట్టకపోతే మళ్ళీ ఆ పని ఒప్పుకోకూడదు. అందరూ కూర్చుని పని చేసే హాలు వద్దన్నారు, మాటలు మొదలవుతాయని. కానీ భోజనాల తర్వాత కదురు చేతపట్టుకుని అందరూ కబుర్లు చెప్పుకునే వేళ తప్పనిసరి. పాటలు కట్టేవారు, ఆమె కూడా. ఊడ్చే వంతుల పట్టికలో మొదటి పేరు మఠాధ్యక్షురాలిదే కావాలి. దొరసానితనం తెలిపే ‘దోన్యా’ అన్న పిలుపు లోపల నిషేధం.

మొత్తం 17 మఠాలు స్థాపించారు. ప్రతిచోటా ఏదో ఒకటి తేడా వచ్చేది. 1567లో మెదినా దెల్ కాంపోకు అర్ధరాత్రి చేరితే, మర్నాటి ఆటకు ఎద్దులను తోలుకొస్తున్నారు, వీళ్ళు వాటి మధ్యనుంచి పూజా సామాను మోసుకుంటూ నడిచారు. తెల్లవారేలోపు బలిపీఠం సిద్ధం చేసి పూజ జరిపించాక చూసుకుంటే గోడలు కూలి ఉన్నాయి, దివ్యసత్ప్రసాదం ఇంచుమించు వీధిలో ఉన్నట్టే. కాపలాకు మనుషులను పెట్టి, వాళ్ళు నిద్రపోతారేమోనని రాత్రిళ్ళు లేచి వెన్నెల్లో చూసుకున్నారు. తొలేదోలో రెండు పటాలు, రెండు గడ్డి పరుపులు, ఒక దుప్పటి కొనేసరికి చేతిలోది అయిపోయింది. పాస్త్రానా మఠం అయితే మూతే పడింది. దాతగా ఉన్న ఎబోలి రాకుమారి భర్త చనిపోగానే కన్యనవుతానంటూ వచ్చి, నియమం పాటించక పెత్తనం చేసింది. 1574లో కన్యలందరినీ గుట్టుగా సెగోవియాకు తరలించేశారు. పెద్ద దాత ఒక్కరి మీద ఆధారపడితే ఏమవుతుందో ఆమె అక్కడ నేర్చుకున్నారు. మొదట ఆదాయం ఏమాత్రం వద్దని పట్టుబట్టినా, చిన్న ఊళ్ళలో భిక్ష చాలదని తెలిశాక స్థిర ఆదాయానికి ఒప్పుకున్నారు. ఈ సర్దుబాటును కొందరు రాజీ అంటారు. ఆకలి తెలిసిన మనిషి వివేకమని మా అభిప్రాయం.

ప్ర: ఆమె యూదు కుటుంబంలో పుట్టారని విన్నాను. మతవిచారణ న్యాయస్థానం ఆమెను శిక్షించిందా?
(చరిత్ర ఉపాధ్యాయుడు, వరంగల్)

తండ్రివైపు తాత హువాన్ సాంచేజ్ తొలేదోలో వస్త్ర వ్యాపారి, యూదు మూలాలున్న క్రైస్తవుడు. రహస్యంగా పాత ఆచారాలు పాటించారని 1485లో మతవిచారణ న్యాయస్థానం (ఇన్‌క్విజిషన్) ఆయనకు ప్రాయశ్చిత్తం విధించింది. ఏడు శుక్రవారాలు అవమానపు అంగీ తొడుక్కుని ఊళ్ళో గుళ్ళన్నీ తిరిగారు. తర్వాత కుటుంబం అవిలాపురికి మారింది. ఈ సంగతి 20వ శతాబ్దంలో గాని దస్తావేజుల్లో బయటపడలేదు. రక్తశుద్ధి, అంటే వంశంలో యూదు, ముస్లిం మూలాలు లేకపోవడం, చూసి చేర్చుకునే ఆ రోజుల్లో తెరేజమ్మ తన మఠాల్లో ఆ షరతు పెట్టలేదు. ఎక్కువ గొప్ప ఇంటి పిల్ల తండ్రి పేరు అందరికంటే తక్కువగా ఎత్తాలన్నారు.

ఆమెకు శిక్ష పడలేదు, ఒత్తిడి మాత్రం చివరిదాకా ఉంది. 1559లో వాడుక భాషలోని భక్తి పుస్తకాలు చాలావాటిని నిషేధించారు. లాటిన్ రాని ఆమెకు అది పెద్ద దెబ్బ, ‘నేను నీకు సజీవ గ్రంథమవుతాను’ అన్న ప్రభువు మాట అప్పుడే విన్నానని రాశారు. 1575లో ఎబోలి రాకుమారి ఫిర్యాదు మీద స్వీయచరిత్ర రాతప్రతి న్యాయస్థానం చేతికి పోయింది. పరిశీలించిన పండితుడు దొమింగో బాన్యెజ్ అనుకూలంగానే రాశారు. అయినా ఆమె బతికుండగా అది తిరిగి రాలేదు. 1588లో సలమాంకాలో అచ్చయింది. స్త్రీల పక్షాన ఆమె రాసిన కొన్ని వాక్యాలను పరిశీలకుడు కొట్టేయడంతో మఠకన్యలకు ఇచ్చిన ప్రార్థన పాఠాల పుస్తకం రెండోసారి రాసినప్పుడు అవి వదిలేయవలసివచ్చింది. 1970 సెప్టెంబరు 27న ఆరవ పౌలు జగద్గురువులు ఆమెనే శ్రీసభ పండితురాలిగా, అంటే శ్రీసభ అంతటికీ బోధకురాలిగా, ప్రకటించారు. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమె.

ప్ర: పండుగ బ్యానరు మీద ‘క్రీస్తుకు ఇప్పుడు మీ చేతులు తప్ప వేరే చేతులు లేవు’ అన్న తెరేజమ్మ మాట వేద్దామనుకుంటున్నాం. సరేనా?
(యువజన సంఘం, సికింద్రాబాదు)

మంచి మాటే గాని ఆమెది కాదు. ఆమె రాతల్లో ఎక్కడా లేదు. ఆమె పేరుతో వేయకండి. బదులుగా ఆమె ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నదిగా చెప్పే చిన్న పద్యం వేయవచ్చు. తెలుగులో దాని భావం ఇలా పెట్టుకోండి, బ్యానరు మీద నాలుగు వరుసల్లో సరిపోతుంది:

ఏదీ నిన్ను కలతపెట్టనీకు,
ఏదీ నిన్ను భయపెట్టనీకు.
అన్నీ గతించేవే, దేవుడు మారడు.
ఓర్పు అన్నీ సాధిస్తుంది. దేవుడు ఉన్నవారికి కొరత లేదు, దేవుడొక్కడే చాలు.